కాళ్ల తిమ్మిరియు, రైతు నడకయు, మన సంఘముల కర్తవ్యమును

ఈ పత్రికయందు నేను మిరపనారును గూర్చియు, ప్రత్తికాయ తొలుచు పురుగును గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు వ్రాయుచుండుట సభ్యులెల్లరు నెరిగినదే. ఈ మాసమున పైరును కొంచెము ప్రక్కకునుంచి, పైరును పెంచెడి మనుష్యుని కాళ్లను గూర్చి విన్నవింపదలచితిని. ఇది వైద్యులు వ్రాయవలసిన విషయమే గాని వ్యవసాయ ప్రదర్శకుడు వ్రాయదగినది కాదని కొందరనవచ్చును. నేను వైద్యుడను కాను. కాని ఈ బాధ నా కాళ్లలోనే యున్నది. గుంటూరు మొదలుకొని ఒంగోలు వరకు గల నల్లరేగడి పల్లెలలో ఎందరు రైతులు దీనిని దాచుకొని తిరుగుచున్నారో కన్నులార చూచుచున్నాను. చూచియు నూరకుండుట సహకారమనిపించుకొనదు.

రెండేండ్ల క్రిందట కార్తికమాసమున నొకనాటి యుదయము, ఒక సభ్యుని మిరపతోటలో ఆకుముడత చూచుటకై గట్టు వెంబడి పోవుచుంటిని. రాత్రి జల్లు పడియుండెను. గట్టు జారుడుగా నుండుట వాస్తవమే. కాని నా ముందు నడచినవారును వెనుక నడచినవారును పడలేదు; నేనే బోదెలో పడితిని. ఒక పడుచువాడు నవ్వి, "అయ్యగారు పొద్దున్నే పుచ్చుకొని వచ్చినట్టున్నారే" అనెను. నేను జన్మమున కల్లుచుక్క నెరుగను. ఆనాడు మోకాటికి తగిలిన దెబ్బ పది దినములలో మానినది. ఆ మాట దెబ్బ మానుటకు చాల దినములు పట్టినది. తరువాత నేను చేసిన పని యేమి? గట్లమీదికి పోవుటయే మానితిని. రైతులను రోడ్డువద్దకు పిలిపించి, మాటలాడి పంపుచు, "పని తొందర" యని సాకు చెప్పుచుంటిని. పొలములోనికి దిగని ప్రదర్శకుడు దేనికి పనికివచ్చును?

నిజమునకు ఆ పడుట మొదటి గురుతు కాదు. అంతకు సంవత్సరము ముందునుండియే అరికాళ్లు తిమ్మిరెక్కుచుండెను. రాత్రులు సూదులు గ్రుచ్చినట్లును, కారము రాచినట్లును మంట. పగలు నేలమీద అడుగువేసిన దూదిమీద వేసినట్లుండెను. దూది మన సీమ పంటయే గాని, దూదిమీద నడక పగవానికిని వలదు. ఒకనాడు బురదలో ఎడమకాలి చెప్పు ఊడిపోగా తెలియక ఇరువది గజములు నడచితిని. వెనుక వచ్చుచున్న కూలి యామె "అయ్యా, మీ చెప్పు ఇక్కడుంది" అని కేకవేయగా తెలిసికొంటిని. తొట్టివద్ద కన్నులు మూసికొని ముఖము కడుగునప్పుడెల్ల ముందునకు తూలుచుంటిని. ఇదియంతయు బలహీనతయని యొక వైద్యుడు ఆరునెలలు బలమునకు సూదిమందు లిచ్చెను. ఒక్కనాడును చెప్పులు విడువుమనలేదు. పిమ్మట వేరొక వైద్యుడు నా కన్నులు మూయించి, దూదిపోచతో కాలివ్రేళ్లను తాకుచు "తెలియుచున్నదా?" అని యడుగుచుండ, ఆయన తాకుచున్నాడన్న సంగతియే నాకు తెలియలేదు. రక్తము పరీక్షింపగా మధుమేహము బయల్పడెను. అది కొన్నియేండ్లనుండి నాలో నుండియుండునని యాయన చెప్పెను.

ఈ సంగతిని నేను దాచక నలుగురిలో చెప్పిన పిమ్మట, నలుగురును తమ సంగతులు నాతో చెప్పసాగిరి. మా సంఘమున ముప్పదియేండ్లుగా సభ్యుడైన యొక వృద్ధుడు కలడు. బంధుత్వము లేకున్నను ఆయనను నేను పెదనాన్నా యని పిలుతును. రెండేండ్లనుండి ఆయన సర్వసభ్య సమావేశములకు వచ్చుట లేదు. కార్యవర్గముపై కోపమని కొందరు, అప్పు బాకీయని కొందరు అనుకొనిరి. నేను పోయి అడుగగా, "అబ్బాయీ, మీ మీటింగు దీపాలు పెట్టాక మొదలవుతుంది. చీకట్లో నా కాళ్లు నా మాట వినటంలేదు. పడితే తాగాడంటారు. ఈ వయసులో నాకెందుకా మాట?" అనెను. ఆయన గైరుహాజరీకి కారణము కోపమును కాదు, బాకీయును కాదు, కాళ్లలోని నరములు. ఆ నరముల సంగతి తెలియక మనమొక మంచి సభ్యుని పోగొట్టుకొంటిమి.

ఇక ఈ జబ్బు ఎట్లు పుట్టునో చూతము. మనుష్యుడు పడకుండ నిలుచుటకు మూడు ఆధారములు గలవు. మొదటిది కన్ను. రెండవది చెవి లోపల నుండి తల యొరుగుటను కనిపెట్టు చిన్న యంత్రము. మూడవది అరికాళ్లనుండియు చీలమండల కీళ్లనుండియు వచ్చెడి వార్త. నేల మెత్తనా, గట్టియా, పల్లమా, మెరకయా యని యనుక్షణము కాళ్లు మెదడునకు కబురంపుచుండును. ఆ కబురు మోయునవి నరములు. వీనిలో వెన్నునుండి కాలివ్రేళ్లకు పోవునవి మిక్కిలి పొడవైనవి. సాగరు కుడికాలువలో నీరు తగ్గినప్పుడు మొదట ఎండునది చివరి భూములే గదా? నరముల కాహారము తగ్గినను, విషము తగిలినను, అట్లే మొదట చెడునవి కాలివ్రేళ్లు. పిమ్మట చెడుగు మేజోడు వలె పైకి ప్రాకును. అది మోకాటిని సమీపించునప్పటికి చేతివ్రేళ్లును తిమ్మిరెక్కుట మొదలిడును. దీనినే వైద్యులు న్యూరోపతీ యందురు.

కాళ్ల వార్త నిలిచిపోయినవాడు కన్నులనే నమ్ముకొని నడచును. కావున పగటిపూట బాగుగనే యుండును. చీకటి పడిననో, కన్నులు మూసిననో, ఆ రెండవ ఆధారమును పోయి తూలును. జర్మనీ దేశపు రోంబెర్గ్ అను వైద్యుడు 19వ శతాబ్దపు నడిమి భాగముననే ఈ గురుతును వర్ణించెను. నేటికిని వైద్యులు రోగిని పాదములు చేర్చి నిలువుమని, కన్నులు మూయుమని పరీక్షింతురు. మన పల్లెలో ఈ పరీక్ష ప్రతి యుదయమును తొట్టివద్ద జరుగుచునే యున్నది, తెలిసికొనువారే లేరు. ముఖము కడుగునప్పుడు గోడ పట్టుకొనవలసి వచ్చుచున్న ప్రతివాడును వైద్యుని చూడవలసినవాడే.

కారణము లనేకములు. నేటి దినములలో మొదట చెప్పదగినది మధుమేహము. 2021 నాటికి మన దేశమున 10 కోట్లకు మించి జనులకు ఈ వ్యాధి గలదని భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే తేల్చినది. కాలక్రమమున వీరిలో సుమారు సగముమందికి నరములు చెడునని వైద్యుల యంచనా. బి12 అను విటమిను లోపము రెండవది. పాలును మాంసమును ముట్టని వారికిని, మధుమేహమునకై మెట్‌ఫార్మిన్ మాత్రలను పలుయేండ్లు వాడువారికిని ఈ లోపము రావచ్చును. మూడవది సారాయి. నాల్గవది కుష్ఠు. ఇది తొలగినదని మనమనుకొనుచున్నను, 2023లో సైతము దేశమున లక్షకు మించి క్రొత్త రోగులు బయల్పడిరి. చర్మముపై స్పర్శలేని మచ్చయున్న యెడల వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపవలెను. మందు ఉచితము, వ్యాధి కుదురునది. క్షయకు వాడు మాత్రలలో నొకటియు నరములకు కీడు చేయవచ్చును గనుక దానితో బి6 విటమినును ఇత్తురు, దానిని మానరాదు.

పురుగుమందుల మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన మిరపకును ప్రత్తికిని కొట్టునన్ని మందులు మరియే పైరుకును కొట్టము. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులలో కొన్ని అధికముగా శరీరమున ప్రవేశించి, మనుష్యుడు చావు తప్పి లేచిన తరువాత, ఒకటి మొదలు మూడు వారములకు పిక్కలు లాగి, పాదములు వ్రేలాడబడి, నడక చెడుట వైద్యశాస్త్రమునకు తెలిసిన విషయమే. ఈ జాతి రసాయనములలో నొకటి 1930లో అమెరికా దేశమున అల్లపు సారాయిలో కలిసి వేలకొలది జనుల కాళ్లను పడగొట్టెను. 1988లో కలకత్తా చెంత బెహాలాలో కల్తీ ఆవనూనె ద్వారా వందలమందికి అదియే గతి పట్టినది. మందు కొట్టిన ప్రతివానికిని ఇట్లగునని నేననను, అట్లనుట అబద్ధము. కాని ఒళ్లు తడియునట్లు చెప్పులు లేక మందుకొట్టుటయు, చేతితో కలుపుటయు, ఎదురుగాలిని నిలుచుటయు తప్పు.

నడక చెడిన ప్రతిచోటను నరములే కారణమని తలపరాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనున్న దినములలో, 1937లో, అచ్చటి నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి జనులు వంగిపోవుచున్నారని వైద్యులు ప్రకటించిరి. ఆ వ్యాధిలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుటచే కాళ్లు పడిపోవును. దాని దారి వేరు. మరియు నడక కొన్ని గంటలలోనో, కొన్ని దినములలోనో హఠాత్తుగా చెడి, బలహీనత కాళ్లనుండి పైకెక్కుచున్న యెడల ఒక్క పూటయు నాగరాదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కొందరు చేరిన గిలన్ బారె వ్యాధి ఇట్టిది. ఒక ప్రక్క కాలు చేయి పడిపోయినను, మాట ముద్దయైనను అది పక్షవాతము. అప్పుడును పరుగున ఆసుపత్రికి పోవలెను.

ఈ తీరమునకు నరముల జబ్బు క్రొత్త కాదని చెప్పినచో కొందరికి వింతగా నుండును. మనము ఉత్తర సర్కారులలోని వారము. ఆ సర్కారుల పేరు వైద్యగ్రంథములలో బెరిబెరి యను రోగముతో ముడిపడి యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, పిక్కలు నొచ్చి, నడక తూలి, తుదకు గుండె చెడుట దాని లక్షణము. 1835లోనే మాల్కంసన్ అను వైద్యుడు దీనిని గూర్చి చెన్నపట్టణమున గ్రంథమొకటి ప్రకటించెను. కారణము మాత్రము చాల కాలము తెలియలేదు. గాలియని కొందరు, నేల తేమయని కొందరు వాదించిరి. జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లని బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పెట్టగా లేచి తిరుగుటయు 1890 తరువాతి సంవత్సరములలో కనిపెట్టెను. అందులకే 1929లో ఆయనకు నోబెలు బహుమాన మీయబడెను. కూనూరులో మెకారిసన్, ఆయన తరువాత ఐక్రాయిడ్, మన సర్కారుల బియ్యమును పరిశోధించిరి. అరవదేశమువారు ఉప్పుడు బియ్యము తినుటచే వారికి రోగము తక్కువ. మనము మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యమును కడిగి కడిగి, గంజి వార్చి తినుటచే మనకు ఎక్కువ. తవుడులోని బి1 విటమిను పశువుల తొట్టికి పోయినది. దాని లోపము మన కాళ్లలో నిలిచినది. 1934లో గాంధీగారు స్థాపించిన గ్రామపరిశ్రమల సంఘము దంపుడు బియ్యమును ప్రోత్సహించుటలో ఈ ఎరుకయు గలదు.

ఈ కథను నేను పాండిత్యమునకై చెప్పలేదు. దీనినుండి రెండు పాఠములు నేర్వవలెను. మొదటిది: "వయసు", "వాతము", "బలహీనత" యని సరిపెట్టుకొన్నంత కాలము కారణము దొరకదు, అడిగి, పరీక్షించి చూచినప్పుడే దొరకును. రెండవది: కారణము తెలిసిన పిమ్మట మందు తవుడంత చౌకగా నుండవచ్చును. బి12 లోపమైనను, బి1 లోపమైనను, సారాయి యైనను, ముందుగా పట్టుకొన్న యెడల నరములు చాలవరకు కోలుకొనును. మధుమేహమున చెడిన నరము మరల పూర్తిగా బాగగుట అరుదు. కాని చక్కెరను అదుపులో నుంచిన యెడల చెడుగు ముందునకు సాగుట మందగించును. నా నరములు తిరిగి రాలేదు. నా నడక మాత్రము తిరిగి వచ్చినది. ఎట్లు వచ్చినదో చెప్పెదను.

నేను చదివిన మిషను పాఠశాల చెంత కుష్ఠురోగుల ఆశ్రమమొకటి యుండెను. అందు కుదిరి, గేటువద్ద కాపలాగానున్న ముసలివాడొకడు ప్రతి సాయంకాలమును లాంతరు ముందర కూర్చుండి, తన అరికాళ్లను వ్రేలు వ్రేలుగా చూచుకొనుచుండెను. పిల్లలము నవ్వుచుంటిమి. మా ఉపాధ్యాయులు మమ్ము మందలించి, "ఆయనకు ముల్లు గ్రుచ్చుకొనినను నొప్పి తెలియదు. మీకు నొప్పి చేయు పనిని ఆయన కన్నులతో చేసికొనుచున్నాడు" అనిరి. వేలూరులో పాల్ బ్రాండ్ అను వైద్యుడు 1946 తరువాత చేసిన పనిలోని సారమును ఇదియే. కుష్ఠురోగుల వ్రేళ్లు తమంతట ఊడిపోవుటలేదనియు, నొప్పి తెలియక తగిలించుకొనిన దెబ్బల వలననే చెడుచున్నవనియు ఆయన చూపెను. మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు చేయించి పాదములను కాపాడెను. నొప్పి శత్రువు కాదు, కావలివాడు. కావలివాడు పోయిన తోటకు యజమానుడే కావలి కాయవలెను.

కావున స్పర్శ తగ్గిన సభ్యులు చేయవలసినవి ఇవి. ప్రతిరాత్రియు దీపము వెలుగున అరికాళ్లను, వ్రేళ్లసందులను చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము నేలనుంచి చూడవచ్చును, లేదా ఇంటివారిచేత చూపించుకొనవచ్చును. పొక్కుగాని, పగులుగాని, ఎరుపుగాని కనబడిన నిర్లక్ష్యము చేయరాదు. చెప్పులు తొడుగుటకు ముందు లోపల చేయిపెట్టి రాయి, ముల్లు, మిరపతొడిమ యేమైన నున్నదేమో చూడవలెను. కాలివ్రేళ్లు కప్పబడి, మడమకు పట్టీగల మెత్తని అట్టచెప్పులు మేలు. రెండువారల చెప్పు స్పర్శలేని కాలికి నిలువదు. ఎండవేళ మిరపకల్లమున ఉత్తకాళ్లతో తిరుగుట, గుడిముందరి వేడిబండలపై నిలుచుట, తిమ్మిరికి వేడినీళ్ల కాపడము పెట్టుట — ఈ మూడును కాలిన సంగతియే తెలియనీయక కాల్చును. నీటివేడిని మోచేతితో చూడవలెను గాని కాలితో చూడరాదు.

దీపము మందువంటిది. రాత్రివేళ మోటారువద్దకు పోవునపుడును, దొడ్డికి లేచినపుడును టార్చి లేక కదలరాదు. మంచముమీదనుండి దిగ్గున లేవక, ఒక నిమిషము కూర్చుండి లేవవలెను. ఇంటిలో గడపలకు సున్నపుచార వేసిన కంటికి తెలియును. స్నానపు గదిలో గోడకొక కమ్మీ బిగించుట మేలు. స్నానము పీటమీద కూర్చుండి చేయవచ్చును. తలపై నీళ్లు పోసికొనునప్పుడు కన్నులు మూతపడును గదా.

చేతికర్రను గూర్చి మనవారికి మిక్కిలి సిగ్గు. నాకును సిగ్గుగనే యుండెను. కర్ర బరువు మోయుటకు మాత్రమేయని తలచుచుంటిని, అది పొరపాటు. మోపీమోపక నేలను తాకుచున్న కర్రయైనను తూలుడును తగ్గించును. ఏలయన, కాలు తెలుపలేని నేల వార్తను కర్ర అరచేతికి తెలుపును. కాళ్లు చెవిటివైనవానికి కర్ర మూడవ కాలు కాదు, క్రొత్త చెవి. చేయి వ్రేలాడదీసి నిలిచినప్పుడు కర్ర మణికట్టు మడత వరకు రావలెను. ఒక కాలు ఎక్కువ బలహీనమైన యెడల ఎదుటి చేత పట్టవలెను. రేగడిలో సన్నని మొన దిగబడును గనుక వెడల్పైన రబ్బరు తొడుగు వేయవలెను. ఎండకాలపు నెర్రెలలో అడుగిడుటకు ముందు కర్రతో తాకి చూచిన, చీలమండ మడతపడుట తప్పును.

సాధన లేనిదే నిలుకడ రాదు. నేను ప్రతియుదయమును వసారా స్తంభము పట్టుకొని, మునివ్రేళ్లపై పదిసార్లు లేతును. మడమలపై పదిసార్లు నిలుతును. ఒక పాదము ముందు నొక పాదము గీతమీద నుంచినట్లు నిలిచి ఇరువది లెక్కింతును. మంచముపైనుండి చేతులూనక పదిసార్లు లేచి కూర్చుందును. ప్రక్కన మనుష్యుడుగాని, స్తంభముగాని లేక ఎవరును చేయరాదు. మూడునెలలకు నేను గట్టెక్కగలిగితిని. మంటకిచ్చు మాత్రలలో కొన్ని మగతను, తూలుడును కలిగించును. అట్లయిన వైద్యునితో చెప్పి మోతాదు మార్పించుకొనవలెను గాని, తమంతట మానరాదు. నరములకు తైలమని సంతలో అమ్ము సీసాలకు పెట్టు డబ్బు రక్తపరీక్షకు పెట్టుట మేలు.

ఇక సంఘముల మాట. "ఇది ఆసుపత్రి పని, సంఘము అప్పులిచ్చుటకును ఎరువులమ్ముటకును ఉన్నది" అని యొక డైరెక్టరుగారు నాతో ననిరి. ఆ మాటకు నా ప్రత్యుత్తరమిది. సంఘమునకు భూమి హామీయే గావచ్చును. ఆ భూమిని పండించి బాకీ తీర్చునవి మాత్రము రైతు కాళ్లే. మిరప కోతవేళ రైతు గట్టుపై పడి తుంటియెముక విరుగగొట్టుకొన్న యెడల, ఆ పంట కల్లమునకు చేరదు, ఆ బాకీ వసూలు కాదు, ఆ యిల్లు వడ్డీవ్యాపారి వాకిట నిలుచును. దానిని తప్పించుటకే గదా 1904లో మన దేశమున సహకార శాసనము పుట్టినది?

సంఘము చేయదగిన పనులు పెద్దవి కావు. సమావేశములను దీపాలవేళ గాక పగటిపూట జరుపవలెను. ఇందులకు కాసు ఖర్చు లేదు. గోదాము మెట్లకు కమ్మీ వేయించవలెను. ఎరువులతోపాటు మెత్తని అట్టచెప్పులను, టార్చీలను, రబ్బరు తొడుగుల కర్రలను తెప్పించి, లాభము లేక అమ్మవలెను. పురుగుమందు అమ్ము బల్లమీదనే చేతితొడుగులును, బూట్లును ఉంచి, అవి లేనివానికి మందు ఎట్లు కొట్టవలెనో నోటితో చెప్పి పంపవలెను. సంవత్సరమునకు రెండుసార్లు, పంటఋణములిచ్చు దినములలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమువారిని పిలిచి, సభ్యుల రక్తములోని చక్కెరను, కాళ్ల స్పర్శను పరీక్షింపజేయవలెను.

స్పర్శపరీక్ష ఇంటిలోను చేసికొనవచ్చును. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు తెలిపిన పద్ధతి ఇది. కన్నులు మూసికొనినవాని రెండు కాళ్ల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను చూపుడువ్రేలితో మెల్లగా, ఒకటి రెండు సెకండ్లు మాత్రము తాకవలెను, నొక్కరాదు, గోకరాదు. ఆరు తాకుడులలో రెండుగాని అంతకు మించిగాని తెలియనిచో ఆ కాళ్లకు కావలి తగ్గినదని తెలిసి, వైద్యునివద్దకు పోవలెను.

మరియొక మాట. మిరప కోయుటకు వచ్చు కూలిస్త్రీలలో అనేకులు మన సంఘములలో సభ్యులు కారు. వారు తెల్లవారుజామున చీకటిలో బయలుదేరి, ఉత్తకాళ్లతోనో, అరిగిన చెప్పులతోనో చాలలోనికి దిగుదురు. నా చెప్పును చూచి కేకవేసిన ఆమెను నేను పిమ్మట అడుగగా, తన కాళ్లును రెండేండ్లనుండి మొద్దుబారినవని చెప్పెను. ఎవరికి చెప్పితివని యడిగితిని. "చెబితే కూలికి పిలవరు గదయ్యా" అనెను. సంఘము జరుపు పరీక్షలకు సభ్యులనే గాక వారి పొలములలో పనిచేయువారినిగూడ పిలువవలెనని నా ప్రార్థన. మన పంట సగము వారి కాళ్లమీదనే ఇల్లు చేరుచున్నది.

తుదకు, ఖర్చులేని సంస్కారమొకటి. తూలుచున్న మనుష్యుని చూచినప్పుడు "త్రాగినాడు" అను మాట మనకు మొదట వచ్చుచున్నది. త్రాగినవాడైనను కావచ్చును, వానికిని వైద్యుడే కావలెను. కాని ఆ యొక్కమాటకు జడిసి ఎందరో తమ జబ్బును ఇంటిలో దాచుకొని, పడి ఎముకలు విరుగగొట్టుకొనుచున్నారు. మొదట చేయి అందింతము. పిమ్మట కారణ మడుగుదము.

గత మాసమున మా సంఘ సమావేశము పగలు పదిగంటలకు జరిగినది. పెదనాన్న కర్ర పొడుచుకొనుచు వచ్చి, ముందువరుసలో కూర్చుండి, గోదాము లెక్కలపై మూడు ప్రశ్నలు వేసెను. కార్యదర్శిగారు రెంటికి సమాధానము చెప్పిరి. మూడవది రాబోవు సమావేశమునకు వాయిదాపడినది. ఆ సమావేశమునుగూడ పగలే జరుపుదురని నమ్ముచున్నాను. తక్కిన సంఘములవారును ఈ విషయము నాలోచింతురుగాక యని విన్నవించుచున్నాను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు